అంతఃపురంలో వేటకుక్క

కొండకో కోట, కోటకో రాజు ఉన్న రోజుల్లో, ఒకానొక రాజ్యాన్ని ప్రచండరాయుడు ఏలేవాడు. మనిషి మంచివాడే, ఆర్భాటం మాత్రం జాస్తి. ఆయన తుమ్మితే పక్కనున్నవాళ్లు జయజయధ్వానాలు చెయ్యాలి. మీసం దువ్వుకునేటప్పుడు ఎవరూ నవ్వకూడదు. అదే కొలువులో బయ్యన అనే చమత్కారి ఉండేవాడు. నవ్వు ఆపుకోవడం అతనికి రోజూ గండమే.

ఒకసారి రాజుకు వేటకుక్క కావలసివచ్చింది. కుక్కలను మచ్చిక చేయడం తెలిసిన బయ్యనను వెంటబెట్టుకుని బోయపల్లెకు వెళ్లాడు. అక్కడ ఒక గుడిసె ముందు కుక్కపిల్లలు ఎముక కోసం కొట్లాడుకుంటున్నాయి. వాటిలో ఒకటి తక్కినవాటిని కరిచి తరిమి, ఎముకంతా తానే దక్కించుకుంది.

"అదీ రాజుకు తగిన కుక్క!" అన్నాడు ప్రచండరాయుడు.

"చిత్తం. ఇంతకీ దీన్ని ఎక్కడ ఉంచుతారు ప్రభూ?"

"అంతఃపురంలోనే. మా చిట్టితల్లి కుక్కపిల్ల కావాలని మారాం చేస్తోంది. నాకు వేటా సాగుతుంది, దాని ముచ్చటా తీరుతుంది."

"అయితే తమరు కాస్త ఆలోచించాలి. వేట ఒక పూటలో అయిపోతుంది. తక్కిన కాలమంతా ఇది పాపాయితోనే గడపాలి. నెమ్మదైనదానికి వేట నేర్పగలను గానీ, కరిచేదానికి నెమ్మది నేర్పడం నావల్ల కాదు."

అని బయ్యన నేలమీద కూర్చుని నాలుకతో చప్పుడు చేశాడు. ఒక చారల పిల్ల కొట్లాట వదిలేసి వచ్చి అతని చెయ్యి వాసన చూసింది. చెవి లాగినా, కాలు పట్టుకుని ఎత్తినా గుర్రుమనలేదు.

రాజు మొహం చిట్లించాడు. "సరే, నీ ఇష్టం. కానీ ఇది నా ఇంట్లో ఎవరిమీదైనా పడిందో, దీనికి నూకలు చెల్లినట్టే. నువ్వు పెళ్లాంబిడ్డలతో సరిహద్దు దాటాలి."

బయ్యన ఆ కుక్కకు తానే దగ్గరుండి నేర్పాడు. కొమ్ముబూర ఊదితే, ఎదుట ఏది పరిగెత్తితే దాని వెంటపడాలి. ఈల వేస్తే ఎంత జోరుమీదున్నా ఆగి వెనక్కి రావాలి. వచ్చిన ప్రతిసారీ ఎండుమాంసం ముక్క పెట్టేవాడు. కొట్టి నేర్పితే కుక్క వస్తుంది గానీ తోక కాళ్లమధ్య పెట్టుకుని వస్తుంది, అది అతనికి గిట్టదు. అంతఃపురంలో దాని తిండి ముంత రాజుగారి పాపాయి చేతికే ఇచ్చాడు. ఆమె "తిను" అనేదాకా కుక్క మూతి పెట్టేది కాదు.

రాజు దానికి అరివీరభయంకరుడని పేరు పెట్టాడు. పాపాయికి నోరు తిరగక బుల్లోడని పిలిచింది. కుక్క బుల్లోడంటేనే పలికేది.

మొదటి వేటలోనే బుల్లోడు పెద్ద అడవిపందిని నిలేశాడు. రాజుకు ఆనందం పట్టలేదు. "ఇకమీదట నేను అంతఃపురంలో అడుగుపెట్టినప్పుడల్లా వేటకొమ్ము ఊదాలి!" అని ఆజ్ఞాపించాడు. బయ్యన అప్పుడు బావమరిది పెళ్లికి వెళ్లి ఊళ్లో లేడు. ఉంటే కాళ్లు పట్టుకునైనా ఆపేవాడు.

అతను తిరిగొచ్చేసరికి కొంప మునిగింది. కుక్క పాపాయి వెంటపడిందట. ఆమె నాయనమ్మ కొంగు చాటున దాక్కుంటే, కొంగు పట్టి లాగిందట. రాజమాతా, మనవరాలూ కిందపడ్డారు. పాపాయి మోకాలు దోక్కుపోయింది. బుల్లోణ్ణి గొలుసుతో కట్టేశారు. పాపాయి మాత్రం దాని పక్కనే కూర్చుని, అన్నం తిననని మొండికేసింది.

"రేపు దాని తల తీయిస్తాను. నువ్వు మూట సర్దుకో," అన్నాడు రాజు.

బయ్యనకు ఇంటిదగ్గర తన పిల్లలు గుర్తొచ్చారు. అయినా తమాయించుకుని, "తప్పు ఎవరిదో విచారించకుండా శిక్షిస్తే తమ కీర్తికే మచ్చ ప్రభూ," అన్నాడు.

కీర్తి మాట వినగానే రాజు మీసం దువ్వాడు. "అయితే విచారించు. తప్పు చేసింది ఎవరైనా సరే, ఆ గొలుసుతోనే కుక్కల కొట్టంలో కట్టిస్తాను!"

"ఎవరైనా సరేనా ప్రభూ?"

"రాజు మాటకు తిరుగుంటుందా?"

మర్నాడు పొద్దున అంతఃపురం ముంగిట బయ్యన గొలుసు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. పాపాయి బుల్లోడి ముందునుంచి పరిగెత్తింది. వాడు తోక ఊపాడు. రాజమాత కొంగు విదిలిస్తూ అటూ ఇటూ నడిచింది. వాడు ఆవలించాడు.

"ఇప్పుడు ప్రభువులు రోజూ వచ్చినట్టే రావాలి," అన్నాడు బయ్యన.

రాజు బయటికి వెళ్లి దర్జాగా లోపలికి అడుగుపెట్టాడు. భోంయ్‌మని కొమ్ము మోగింది. పాపాయి కెవ్వుమని నాయనమ్మ దగ్గరికి పరిగెత్తింది. బుల్లోడు గొలుసు తెంచుకునేంతగా అటు దూకాడు. బయ్యన ఈల వేశాడు. కుక్క అక్కడే ఆగి, వెనక్కొచ్చి కూర్చుంది.

"రోజూ ఇదే వరసరా," అంది రాజమాత కొడుకుతో. "నువ్వు ఇంటికొచ్చినప్పుడల్లా ఆ చప్పుడుకి పిల్ల హడలి చస్తోంది. చెబితే విన్నావా?"

రాజు కూతురివైపు చూశాడు. పాపాయి కొంగు చాటునుంచి ఒక కన్ను మాత్రం పెట్టి చూస్తోంది. కొమ్ము ఊదమన్నది ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ తల ఎత్తలేదు. నిన్న తానిచ్చిన మాట గుర్తొచ్చి రాజు గొలుసువైపు చూశాడు.

బయ్యన కుక్క మెడనుంచి గొలుసు విప్పాడు. దాన్ని చేత్తో పట్టుకుని తిన్నగా రాజువైపు నడిచాడు. రాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. బయ్యన ఆయన్ను దాటి వెళ్లి, వెనకనున్న భటుడి చేతిలోని కొమ్ముబూర తీసుకుని, దానికి గొలుసు చుట్టాడు.

"దొంగ దొరికాడు ప్రభూ. అడవిలో అరవాల్సింది ఇంట్లోకొచ్చి అరిచింది. ఎక్కడ ఎలా ఉండాలో బుల్లోడు నేర్చుకున్నాడు, దీనికి ఎవరూ నేర్పలేదు."

రాజు అమ్మయ్య అని ఊపిరి వదిలి, "గొలుసు ఇంకా చాలా మిగిలిందేమయ్యా?" అన్నాడు.

"ఉండనివ్వండి ప్రభూ. దాని అవసరం రాదనే నా నమ్మకం."

ప్రచండరాయుడు ఒక్క క్షణం అతనివైపు ఉరిమి చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ రోజు నవ్వు ఆపుకోవలసిన పని ఎవరికీ లేకపోయింది. రాజు తన చేతి బంగారు కడియం తీసి బయ్యనకు తొడిగి, "నువ్వు ఇంటికెళ్లేటప్పుడు కొమ్ము ఊదించమంటావా?" అని అడిగాడు.

"కడియం చాలు ప్రభూ. మా ఇంట్లో చంటిపిల్ల ఉంది," అన్నాడు బయ్యన.

కొమ్ముబూరను రాజు మాట ప్రకారం కుక్కల కొట్టంలోనే కట్టేశారు, వేటరోజున మాత్రం బయటికి తీసేవారు. ఆ సాయంత్రం రాజు చెప్పులు గడప బయట విడిచి, చప్పుడు లేకుండా అంతఃపురంలోకి వచ్చాడు. ముందు బుల్లోడు తల ఎత్తి తోక ఊపాడు. దాన్ని చూసి పాపాయి వెనక్కి తిరిగింది. "నాన్నా!" అంటూ ఆయనకు ఎదురు పరిగెత్తింది.