రాజావారి కారు స్టీరింగు

సిరివరం రాజావారికి తమ కారంటే ప్రాణం. డ్రైవరున్నా తరచూ తామే నడిపేవారు. పక్కనున్న మీట నొక్కితే చాలు, స్టీరింగు మోటారుతో పైకీ కిందికీ జరిగేది. ఒకరోజు ఎంత నొక్కినా కదల్లేదు. కారు నడుపుతున్నంతసేపూ అది రాజావారి పొట్టకు ఒత్తుకుంటూనే ఉంది.

ఆస్థాన ఇంజినీరు మార్తాండరావు కారు తలుపైనా తీయకుండా తేల్చేశాడు. "మోటారు కాలిపోయింది. కాల్చింది డ్రైవరు కోటిలింగమే. వాణ్ణి కొలువులోంచి తీసేయండి ప్రభూ!"

కోటిలింగం చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, తాళంచెవి తీయగానే, తమరు దిగడానికి వీలుగా స్టీరింగు దానంతటదే పైకి లేస్తుంది, తాళంచెవి పెట్టగానే మళ్లీ కిందికి దిగుతుంది కదా. ఇప్పుడు లేవడం లేదా?"

రాజావారు తికమకపడ్డారు. "లేస్తోందే! ఇందాక కూడా లేచింది."

"కాలిపోయిన మోటారు దాన్నెలా లేపింది ప్రభూ?"

రాజావారు ఇంజినీరు వైపు చూశారు. ఇంజినీరు అప్పుడు తొలిసారిగా కారు తలుపు తీశాడు. రాజావారికి మరీ అయోమయంగా ఉంది.

"మోటారు బాగుంటే మరి లోపం ఎక్కడరా?"

"నొక్కినప్పుడే కదలడం లేదంటే, నొక్కే మీటలోనే ప్రభూ."

కోటిలింగం మీట విప్పాడు. లోపల జిలేబీ పాకం గడ్డకట్టి ఉంది. ఆ కారులో కూర్చుని జిలేబీ తినగలిగేది ఒక్కరే.

"చీమలు తెచ్చి పెట్టుంటాయి ప్రభూ," అన్నాడు కోటిలింగం.

"ఆఁ... చీమలే," అన్నారు రాజావారు, వేళ్లు వెనక్కి దాచుకుంటూ.