ఎత్తి వేసే తలుపు

"నూతి గిలకా, నూతి గిలకా, నువ్వెందుకేడ్చేవే..." అని మా అమ్మ పాడేది. గిలక ఏం జవాబు చెప్పిందో నాకిప్పుడు గుర్తు లేదు. సంగీతం నేర్చిన మా మనవరాలు, "ఆ జాగాలో నేనో చరణం కట్టి అతికిస్తాను నాయనమ్మా, తేడా తెలీదు" అంది. అతికించనివ్వనా అని మా వేదవల్లి టీచరుగారిని అడిగాను. తల నెరిశాక నాకు అక్షరాలు దిద్దించిన మనిషి ఆవిడ. ఏదడిగినా అవునని గాని కాదని గాని అనరు, ఇంట్లో జరిగిన సంగతేదో చెబుతారు. ఆవేళా అంతే. పాటకీ కారుకీ ఏం సంబంధమా అనుకుంటూ విన్నాను.

వాళ్ల నాన్నగారు పోయాక ఆయన పాత ఫియట్ కారు పెరట్లో రేకుల కింద ఉండిపోయిందట. ఎడమ తలుపు కిందికి వాలిపోయి, కాస్త ఎత్తి వేస్తేగాని పడేది కాదు. చూపూ జ్ఞాపకమూ సన్నగిల్లిన వాళ్లమ్మగారు రోజూ మధ్యాహ్నం తడుముకుంటూ వెళ్లి, ఆ తలుపు ఎత్తి వేసుకుని, చిరిగిన సీట్లో కూర్చుని పోయిన భర్తతో కబుర్లు చెప్పుకునేవారు. "ఇవాళ పులుసులో ఉప్పెక్కువైందండీ" అని కూడానట!

టీచరుగారి తమ్ముడు జోగారావుగారికి అమ్మంటే ప్రాణం. ఆవిడ ఆ చిరుగుల్లో కూర్చోవడం చూడలేక, కారు బాగుచెయ్యడానికి తనే పూనుకున్నారు. సొట్టలు తీశారు, రంగు వేశారు, సీట్లు మార్చారు, తలుపుకి కొత్త మడతబందులు బిగించారు. "పెళ్లైనప్పట్నించీ నా మొహం ఒక్కసారైనా ఇంత శ్రద్ధగా చూశారా?" అని భార్య దెప్పినా పని ఆపలేదు.

అంతా అయ్యాక అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ఆవిడ అలవాటుగా తలుపు ఎత్తబోయారు. అది ఎత్తకుండానే మెత్తగా మూసుకుంది. సీటు తడిమారు, వాసన చూశారు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఒద్దికగా ఓ పక్కకి జరిగి, కొడుకుని అడిగారట: "ఎవరి కారండీ ఇది? నన్నెక్కడ దింపుతారు?"

తీసేసిన బందుల కోసం జోగారావుగారు పాత ఇనప సామాన్ల కొట్టుకి పరుగెత్తారు. అవి అప్పటికే కరగడానికి వెళ్లిపోయాయి. వాళ్లమ్మగారు మళ్లీ పెరటి వైపు వెళ్లలేదు, ఆ కబుర్లూ మళ్లీ ఎవరికీ వినపడలేదు.

"మీ తమ్ముడుగారు పనిలో ఎక్కడో పొరపాటు చేసుంటారు" అన్నాను.

టీచరుగారు తల అడ్డంగా ఊపారు. ఆ వారంలోనే ఆవిడ పోయారు కనక, నాతో అన్న ఆఖరి మాట ఇదే అయింది.

"లేదు ఈశ్వరమ్మగారూ. వాడు ఎక్కడా వంక లేకుండా చేశాడు."