మేఘశాస్త్రి శాలువా

అనగనగా ఓ రాజుగారి కొలువులో మేఘశాస్త్రి అని ఒకాయన ఉండేవాడు. రోజూ పొద్దున్నే "ఇవాళ వాన ఖాయం" అనో, "చినుకు కూడా పడదు" అనో ఊళ్ళో దండోరా వేయించేవాడు. తప్పితే మాత్రం "అంతా మీ పాపమే" అని జనాన్నే తిట్టేవాడు.

ఓసారి "చినుకు కూడా పడదు" అన్న మాట నమ్మి ఎర్రక్క అనే రైతు కళ్లంలో ఆరబోసిన మిరపకాయలు సగం తడిసి బూజు పట్టాయి. మిగతా సగం కూడా పోతే ఇంటిల్లిపాదీ పస్తే. నాలుగు రోజులకి మళ్ళీ "చినుకు పడదు" అని దండోరా! ఎర్రక్క తిన్నగా కొలువుకెళ్లింది.

"రాజా, కాయలు ఆరబోస్తాను. కానీ తమరిచ్చిన పట్టుశాలువా శాస్త్రిగారు వాటి పక్కనే ఆరెయ్యాలి."

"నా శాలువా ఎందుకే?" అని ఎగిరాడు శాస్త్రి.

"చినుకు పడదుగా సామీ, భయమెందుకు?"

రాజు నవ్వి, "ఆరెయ్యవయ్యా" అన్నాడు.

శాస్త్రి గుమ్మం దాకా వెళ్లి, శాలువా గట్టిగా పట్టుకుని చాలాసేపు ఆకాశం చూశాడు. చివరికి నీళ్ళు నమిలి, "ఏమో, తెలీదు" అన్నాడు.

"అదే దండోరా వేయించండి సామీ" అంది ఎర్రక్క.

వేయించాడు. ఆ రోజు కళ్లం వదిలి ఎవరూ కదల్లేదు. మధ్యాహ్నం చినుకు మొదలవగానే అందరూ పరుగెత్తి చాపలు కప్పేశారు. ఒక్క కాయా తడవలేదు.