దొరగారి కత్తి, కారు తుప్పు

ఆయుధపూజ దగ్గర పడిందని పాలవంక దొరగారు ఏళ్లుగా షెడ్డులో పడున్న పాత కారును బయటికి తీయించారు. ముసలి మెకానిక్ దస్తగిరి ఇంజను విప్పి చూస్తే, సిలిండర్ల లోపలి గోడల మీద పల్చటి తుప్పు పొర కనిపించింది.

"ఆకురాయి పెట్టి గీకెయ్. మరక కూడా మిగలకూడదు!" అన్నారు దొరగారు.

అలా గీకితే గోడలు అరిగి ఇంజనే పాడవుతుందని దస్తగిరి పొద్దుట్నుంచీ చెప్పి చెప్పి అలిసిపోయాడు. రేపు బండి కదలకపోతే ఊడేది తన కొలువే. ఇక వాదించే ఓపిక లేక, "చిత్తం దొరా" అంటూ ఆకురాయి తీసుకుని లేచాడు. పూజకని పక్కనే పీట మీద పెట్టిన దొరగారి తాతల కత్తికీ అక్కడక్కడా అదే తుప్పుంది. ముందుగా ఆకురాయిని దాని అంచుకి ఆనించాడు.

దొరగారు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నారు. "ఒరేయ్, పదునంతా పోతుందిరా! పైపై తుప్పుకి ఆకురాయేమిటి? నూనెగుడ్డతో మెల్లగా తుడిస్తే చాలదూ?"

"చిత్తం. ఇంజనుకీ అంతే దొరా."

దొరగారు పట్టుకున్న చెయ్యి వదిలేశారు. "ఈ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా?" అన్నారు.

దస్తగిరి ఆకురాయి పక్కన పడేసి, నూనెగుడ్డ అందుకుని, నిట్టూరుస్తూ ఇంజను ముందు కూలబడ్డాడు.

"నేను చెబుతూనే ఉన్నాను దొరా. మీరు చెబితేగానీ మీరు వినలేదు."