దోసిలిలో మూడు మాటలు

అనగా అనగా, ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఒకనాడు జంఝాటుడనే మాయావి వచ్చి రాణి జ్ఞాపకాలన్నీ దోచుకుపోయాడు. కన్నబిడ్డలు ఎదురుగా నిలబడితే ఆమె, "ఎవరు బాబూ మీరు?" అని అడిగేది.

ముసలి దాది రాకుమారులను దగ్గరకు పిలిచింది.

"మాయావి ప్రాణం వాడి చిలుకలో ఉంది. చిలుక ఎగిరిపోతే వాడూ పోతాడు. పంజరం తలుపు తెరుచుకోవాలంటే దాని ముందు మూడు మాటలు వరసగా చెప్పాలి. వేపచిగురు, మట్టిగాజు, పాలపిట్ట. అంతవరకూ పైకి అనకూడదు, ఎక్కడా రాసుకోకూడదు. మనసు దోసిలంత, నాయనా. ఈ మూడే పడతాయి. దారిలో నాలుగోది అందుకున్నారా, ఒకటి జారిపోతుంది. జారితే రాయైపోతారు."

"మూడు మాటలేగా!" అని నవ్వి పెద్దవాడు ఓడెక్కాడు. మాయావి కోటకు మూడు వాకిళ్ళు. మొదటి వాకిట్లో బంగారు గుర్రాలు నాట్యమాడుతున్నాయి. ఒక్క క్షణం అటు చూశాడు. మట్టిగాజు జారిపోయింది. అక్కడే రాయైపోయాడు.

రెండోవాడు గుర్రాలను చూడలేదు. రెండో వాకిట్లో ఒక కోతి, "ఒరేయ్ చేటచెవులోడా! మీ అన్న ఏడుస్తూ రాయయ్యాడు. నువ్వెలా అవుతావు?" అంది.

"నోర్ముయ్! మా అన్నా ఏడ్చేది?" అన్నాడు. వేపచిగురు రాలిపోయింది. అతనూ రాయైపోయాడు.

మూడోవాడు ఉదయసేనుడు. ఒడ్డున వెల్లకిలా పడి కొట్టుకుంటున్న తాబేలును నిలబెట్టాడు. అది అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది, కోట దాకా వెంట నడిచింది. గుర్రాలు ఆడాయి, చూడలేదు. కోతి తిట్టింది, పలకలేదు. మూడో వాకిట్లో చిలుక పంజరం వేలాడుతోంది. పక్కనే అమ్మ నిలబడి ఉంది.

"వచ్చావా నాయనా! అన్నం తిన్నావా?"

ఎన్నాళ్ళకు విన్నాడా మాట! "లేదమ్మా," అన్నాడు. అంతే. పాలపిట్ట ఎగిరిపోయింది. పాదాలు రాయి కావడం మొదలైంది.

"ఇక్కడ వెతక్కు రాకుమారా!" అని వెనకనుంచి తాబేలు కేకేసింది. "మూడూ నీ దగ్గర ఉన్న చోటికి వెనక్కి పో. అక్కడ నిలబడి మొదటి మాట నుంచి పట్టుకో."

బరువెక్కిన పాదాలు ఈడ్చుకుంటూ రెండో వాకిటికి వచ్చాడు. కోతి మళ్ళీ తిట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. వేపచిగురు... మట్టిగాజు... ఆ వెనకే పాలపిట్ట వచ్చి వాలింది. పాదాలు తేలికయ్యాయి.

మళ్ళీ మూడో వాకిలి. "ఆకలితో ఉన్నావు. నాతో మాట్లాడవా నాన్నా?" అని అమ్మ ఏడ్చింది. అతనికీ కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పలకలేదు. పంజరం ముందు నిలబడి మూడు మాటలూ చెప్పాడు. తలుపు తెరుచుకుంది, చిలుక ఎగిరిపోయింది. అమ్మ రూపంలో ఉన్న జంఝాటుడు బూడిదై రాలాడు. అన్నలిద్దరూ రాళ్ళలోంచి లేచారు.

ఇల్లు చేరేసరికి రాణి గుమ్మంలో ఎదురుచూస్తోంది. ఇప్పుడు ఆమెకు అందరూ గుర్తున్నారు. చిన్నకొడుకు పెదవులు మాత్రం ఇంకా కదులుతున్నాయి. దారి పొడుగునా భయంతో ఆ మూడు మాటలూ వదల్లేదు. ఆమె పిలవబోయి ఆగింది. పెదవులు ఆగేదాకా చూసి, అప్పుడడిగింది.

"అన్నం తిన్నావా నాయనా?"

"లేదమ్మా," అన్నాడు. ఈసారి ఏదీ జారలేదు.

ఆ తర్వాత ఉదయసేనుడు పొరుగుదేశపు రాకుమారిని పెళ్ళాడి, తల వెంట్రుకలు నెరిసేదాకా రాజ్యమేలాడు. పిల్లలు మనసులో ఏదైనా పట్టుకుని ఉంటే ఆ రాజ్యంలో ఎవరూ పిలిచేవారు కాదు. అమ్మలు అన్నం మీద మూత పెట్టి, కాసేపు ఆగేవారు.