తాళాన్ని తిన్న ఉప్పు

ఊఁ కొడుతూ వినాలి మరి. ఊఁ ఆగిందంటే నేనూ ఆపేస్తాను. కళ్ళు మూసుకుని ఉత్తుత్తి ఊఁలు కొట్టావనుకో, నాకు తెలిసిపోతుంది. మీ అమ్మని పెంచినదాన్ని నేను, నా దగ్గరా నీ వేషాలు?

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఎటు చూసినా ఉప్పు మడులే. అక్కడ గాలి ఉప్పన, చెమట ఉప్పన, ఏడిస్తే కన్నీళ్ళు ఎలాగూ ఉప్పనే. తాగే నీళ్ళు దొరికేది మాత్రం ఒకే ఒక్క బావిలో.

ఆ బావికి చెక్క మూత. మూతకి గొళ్ళెం. గొళ్ళేనికి అరచేతంత తాళం. తాళంచెవి ఊరిపెద్ద సింహాద్రి మొలతాడుకి వేలాడుతూ ఉండేది.

సింహాద్రి మధ్యాహ్నం కడుపునిండా తిని అరుగు మీద కునుకు తీసేవాడు. లేపితే కోపం. అందుకని ఆడవాళ్ళు ఖాళీ కడవలు పట్టుకుని ఎండలో నిలబడేవాళ్ళు. ఆయన లేచాక దణ్ణం పెట్టి, "బాబూ, తాళం" అనాలి. వినపడనట్టు ఊరుకునేవాడు. అప్పుడు ఇంకోసారి అనాలి. మూడోసారి అన్నాక ఒళ్ళు విరుచుకుని లేచేవాడు.

తాళం పగలగొట్టచ్చు కదా అంటావా? కొట్టచ్చు. కానీ పుట్టినప్పట్నుంచి అదే చూస్తే అదే పద్ధతి అనిపిస్తుందే పిల్లా. దణ్ణం పెడితేనే నీళ్ళు వస్తాయని వాళ్ళ నమ్మకం.

ఆ ఊళ్ళో అప్పలనరసమ్మ అని ఒక ముసలామె ఉండేది. ఆమెకి ప్రతిదాని మీదా అనుమానమే. కోడి గుడ్డు పెడితే అది తన కోడి గుడ్డేనా అని చూసేది. ఊరికే వచ్చిందా ఆ అనుమానం? రాలేదు. ఆమె కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఒకరోజు సింహాద్రి నవ్వుతూ, దణ్ణం అడక్కుండానే ఆమె కడవ నింపాడు. ఎంత మంచివాడో అనుకుంది. మర్నాడు పొద్దున చూస్తే తమ ఉప్పు మడి గట్టు ఇంత లోపలికి జరిగి, పక్కనే ఉన్న సింహాద్రి మడి అంత పెరిగి ఉంది. నీళ్ళు తాగినవాళ్ళు ఇంకేం అడుగుతారు? అప్పట్నుంచి ఎవరైనా నవ్వితే చాలు, ఆమె వెళ్ళి తన గట్టు చూసుకునేది.

అలా ఉండగా సింహాద్రి పోయాడు. నేను పెద్దనంటే నేను పెద్దనని ఆయన తమ్ముడు, బావమరిది బయల్దేరారు. ఆ ఊళ్ళో పెద్దని ఎన్నుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఇంటికో దోసెడు ఉప్పు తెచ్చి, తమకి కావలసిన మనిషి ముందు పోయాలి. పోసేది ఇంటి మగవాళ్ళే. ఎవరి ముందు కుప్ప పెద్దదైతే వాళ్ళే పెద్ద. ఆ మనిషి నచ్చకపోతే ఎవరి దోసెడు వాళ్ళు వెనక్కి తీసుకోవచ్చు. కుప్ప పోతే పెద్దరికం పోయినట్టే.

సరే, పోశారు. రెండు కుప్పలూ సమానం. మళ్ళీ పోశారు. మళ్ళీ సమానం. కొట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు ఆ ఇద్దరూ చాటుగా ఒక మాట అనుకున్నారు. "మెత్తటి మనిషిని ఎవరినైనా కూర్చోబెడదాం. పేరు ఆ మనిషిది, పెత్తనం మనది."

ఆ మెత్తటి మనిషి నూకరత్నం. మడుల దగ్గర పనివాళ్ళకి అంబలి కాచి పోసేది. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. మూడోసారి ఉప్పంతా ఆమె ముందు పోసి, తాళంచెవి చేతిలో పెట్టారు.

ఆమె ఏం చేసిందో తెలుసా? నేరుగా బావి దగ్గరికి వెళ్ళింది. తాళం తీసింది. మూత పక్కన పడేసింది. "ఎవరికి కావాలంటే వాళ్ళు తోడుకోండమ్మా. దణ్ణాలూ అవీ ఏం వద్దు," అంది. తాళంచెవి కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

ఎంతమంది వచ్చారనుకున్నావు? ఒక్కరూ రాలేదు! అందరూ గుమ్మాల్లో నిలబడి బావి వంక చూడ్డమే. "ఊరికే ఇస్తుందంటే ఏదో ఉంది," అంది అప్పలనరసమ్మ. తన కోడిపుంజుని చంకలో పెట్టుకుని వెళ్ళి, దానికి ఆ నీళ్ళు తాగించింది. పుంజు తాగి, రెక్కలు దులుపుకుని కూత కూసింది. "మెల్లగా పనిచేసే మందు అయ్యుంటుంది," అంది ఆమె.

ఆ తర్వాత దాహం ఆగక తాగారులే. ఒకళ్ళు తాగుతుంటే ఇంకొకళ్ళు వాళ్ళ మొహంలోకి చూస్తూ.

ఆ తర్వాత నూకరత్నం బావి పక్కన తాటాకు పందిరి వేయించింది. ఆడవాళ్ళు ఎండలో నిలబడక్కర్లేదు, నీడన కూర్చోవచ్చని. "మనం ఏం మాట్లాడుకుంటామో వినడానికే ఈ పందిరి," అంది అప్పలనరసమ్మ. ఇంకేముంది, అందరూ పందిరి కింద నోళ్ళు కుట్టేసుకున్నట్టు కూర్చునేవాళ్ళు. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు మాట్లాడని ఊరు లోకంలో అదొక్కటే.

ఆ తర్వాత ఊళ్ళో జ్వరాలొచ్చాయి. నూకరత్నం ఇంటింటికీ తిరిగి, లేవలేనివాళ్ళకి గంజి కాచి పోసింది. తనని తిట్టినవాళ్ళ ఇళ్ళకీ వెళ్ళింది. "మందు పెడుతోంది. ఇక మనం ఆమె ఎలా చెప్తే అలా ఆడతాం," అంది అప్పలనరసమ్మ. గంజి మాత్రం ఒక్క చుక్క వదలకుండా తాగేసింది.

ఈ మాటలన్నీ నూకరత్నం చెవిన పడేవి. మంచివాళ్ళకి బాధ ఉండదనుకున్నావా? పొయ్యి ముందు కూర్చుని ఏడ్చేది. ఎవరైనా వస్తే పొగ అనేది.

కానీ మెత్తటి మనిషి అంటే వంగే మనిషి కాదు. అది ఆ ఇద్దరికీ తెలీలేదు. ఒకరోజు తమ్ముడూ బావమరిదీ వచ్చి, "ముందు మా ఇళ్ళకి నీళ్ళు తోడాకే మిగతావాళ్ళకి," అన్నారు. నూకరత్నం వాళ్ళకి పీటలు వేసింది, మజ్జిగిచ్చింది. "వరసలో రండి బాబూ, మీకూ అందుతాయి," అంది. రెండోసారి వచ్చి అడిగారు. మళ్ళీ పీటలు, మళ్ళీ మజ్జిగ, మళ్ళీ అదే మాట. మూడోసారి అరిచారు. ఆమె గొంతు పెంచలేదు, మాట మార్చలేదు. వాళ్ళకి ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు ఆ ఇద్దరూ అప్పలనరసమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆమె చెవిలో వేస్తే ఊరంతా వేసినట్టే కదా.

"వదినా, ఒక్కటి చెప్పు. తాళం వెయ్యని మనిషికి తాళంచెవి ఎందుకు? ఇన్నాళ్ళయినా కొంగున ఎందుకు దాచుకుంది? నడి వేసవి రానీ. నీళ్ళు అడుగుకి వెళ్ళాక టక్కున తాళం వేస్తుంది. అప్పుడు మనందరం ఆమె కాళ్ళ మీద పడాలి."

ఈ మాట అప్పలనరసమ్మకి ముల్లులా గుచ్చుకుంది. నిజమే, తాళంచెవి ఎందుకు?

నడి వేసవి రానే వచ్చింది. బావిలో తాడు చివరిదాకా వదిలితే గానీ చేద మునగటం లేదు. ఊరికి భయం పట్టుకుంది. అందరూ నూకరత్నం ఇంటి ముందు పోగయ్యారు. ఆ ఉప్పు కుప్ప అక్కడే, అరుగు పక్కన తాటాకు కప్పి ఉంది. "నువ్వు మొదలుపెట్టు వదినా. నీ దోసెడు తియ్యి, నీ వెనకే అందరూ తీస్తారు," అన్నాడు తమ్ముడు.

అప్పలనరసమ్మ ముందుకొచ్చింది. "ఏటే నూకరత్నం! తాళం వెయ్యనిదానివి, తాళంచెవి ఎందుకు దాచావు?"

నూకరత్నం కొంగు ముడి విప్పింది. "సముద్రంలో పారేద్దామనుకున్నాను పిన్నీ. పారేస్తే, తాళం లేదని ఎవరో ఒకరు కొత్త తాళం తెస్తారు. పాతది ఉందని తెలిస్తే కొత్తది తేరని ఉంచాను. నా మీద అనుమానంగా ఉంటే నువ్వే ఉంచుకో. మూడు రోజులు చూడు. నేను తప్పు చేశాననిపిస్తే ఉప్పు తీసేద్దురుగాని," అంటూ గూట్లో ఉన్న తాళం కూడా తెచ్చి, తాళంచెవితో కలిపి ఆమె చేతిలో పెట్టేసింది.

అప్పలనరసమ్మ బిత్తరపోయింది. ఇందులో ఏం మోసం ఉందా అని తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏం కనపడలేదు. కొంగున ముడేసుకుని ఇంటికెళ్ళింది.

ఒకటో రోజు. పొద్దున్నే తమ్ముడూ బావమరిదీ పెద్ద చేప పట్టుకుని వచ్చారు. "వదినా, ఇక నువ్వే మాకు పెద్ద దిక్కు. ఒక్క పూట తాళం వేసి చూడు, ఊరు ఎలా మాట వింటుందో!" అన్నారు. అప్పలనరసమ్మకి బాగానే అనిపించింది. ఎవరికి బాగుండదు చెప్పు? చేప పులుసు పెట్టుకుని తింది. తాళం మాత్రం వెయ్యలేదు.

రెండో రోజు. ఆమె పందిరి కిందకి వెళ్తే ఆడవాళ్ళందరూ చప్పున మాటలు ఆపేశారు. పక్కింటామె అయితే తోడిన నీళ్ళని తన మేకకి పెట్టి, అది చస్తుందేమోనని కాసేపు చూసి, అప్పుడు కడవలో పోసుకుంది. "నేనేం చేశానే?" అంది అప్పలనరసమ్మ. "ఏమో, తాళంచెవి నీ దగ్గరుంది కదా," అంది ఆమె. అప్పలనరసమ్మ ఇంటికొచ్చి అన్నం తినలేదు. అంతమందిలో ఒంటరిగా ఉండటం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది ఆవిడకి.

ఊఁ అనవేం? అదీ. బాగా విను, ఇదే అసలు చోటు.

మూడో రోజు. మధ్యాహ్నం భోజనం చేసి అప్పలనరసమ్మ అరుగు మీద నడుం వాల్చింది. కునుకు పట్టింది. చాలాసేపటికి మెలకువ వచ్చి చూస్తే, ఎదురుగా ఎండలో ఎవరో నిలబడి ఉన్నారు. ఎవరనుకున్నావు? సొంత కోడలు పైడమ్మ! చంకన ఖాళీ కడవ. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుతోంది, కింద ఇసుక కాలిపోతోంది మరి.

అత్త కళ్ళు తెరవగానే పైడమ్మ కడవ దించి దణ్ణం పెట్టింది. "అత్తా, తాళం," అంది.

అప్పలనరసమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఏటే ఇది! బావి తెరిచే ఉంది కదే!"

"తెరిచి ఉన్నా, తాళంచెవి నీ కొంగున ఉంది కదత్తా, అడక్కుండా ఎలా తోడను? లేపితే కోప్పడతావని నిలబడ్డాను," అంది ఆ పిల్ల. అని, వినపడలేదేమో అనుకుని మళ్ళీ దణ్ణం పెట్టింది. "అత్తా, తాళం."

అప్పలనరసమ్మ గబగబా దిగి వచ్చి, మూడోసారి అనకముందే ఆ రెండు చేతులూ పట్టేసుకుంది. ఆ పిల్లలో తనే కనపడింది. అదే ఎండ, అదే ఖాళీ కడవ. అరుగు మీద మాత్రం సింహాద్రి లేడు, తను ఉంది. ఆ ముసల్ది ఎవరి ముందూ ఏడవని మనిషి, కోడలి ముందు బావురుమని ఏడ్చింది. కోడల్ని అరుగు మీద కూర్చోబెట్టి, తనే వెళ్ళి కడవ నింపుకొచ్చింది. కాలిన పాదాల మీద ఆ తియ్యటి నీళ్ళు పోసింది.

మర్నాడు పొద్దున అందరూ మళ్ళీ కుప్ప దగ్గర పోగయ్యారు. "తియ్యి వదినా," అన్నాడు తమ్ముడు.

అప్పలనరసమ్మ తాటాకు తీసింది. చేత్తో కుప్ప మధ్యలో గొయ్యి చేసింది. తాళం, తాళంచెవి అందులో పెట్టింది. కొంగులోంచి దోసెడు కొత్త ఉప్పు తీసి వాటి మీద పోసింది.

"ఇదిగో, తాళం ఇక్కడే ఉంది. కొత్తది ఎవరూ తేనక్కర్లేదు," అంది.

ఉప్పు ఊరివాళ్ళకి వేరే చెప్పాలా? ఉప్పులో ఇనుము పెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. తమ్ముడు ఎగిరిపడ్డాడు. "ఆడవాళ్ళు ఉప్పు పొయ్యడం ఎక్కడైనా ఉందా?"

అప్పలనరసమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆయన వంక చూసింది. "తియ్యమన్నప్పుడు నేను ఆడదాన్నని గుర్తు లేదేటి నీకు?"

అప్పుడు పైడమ్మ కుంటుకుంటూ వచ్చి తన దోసెడు పోసింది. ఆ తర్వాత మేక ఉన్న పక్కింటామె పోసింది. ఆ తర్వాత ఆడవాళ్ళందరూ. కుప్ప నూకరత్నం నడుం ఎత్తు పెరిగింది. నూకరత్నానికి కళ్ళు నిండాయి. ఆ రోజు పొగ అనలేదు.

వానలు పడేదాకా తియ్యటి నీళ్ళు అందరికీ వరసలో, కొంచెం కొంచెంగా అందాయి. తమ్ముడూ బావమరిదీ కూడా వరసలోనే నిలబడ్డారు, పందిరి నీడలో. వానాకాలం వెళ్ళాక కుప్ప తవ్వి చూస్తే తాళం లేదు, తాళంచెవి లేదు. ఎర్రటి పొడి ఉంది, అంతే.

అప్పలనరసమ్మ మారిపోయిందా అంటావా? ఎక్కడ మారుతుంది! రోజూ పొద్దున వెళ్ళి బావిలోకి తొంగి చూసేది, నూకరత్నం కొంగు వంక చూసేది. "ఇంకా అనుమానమేనా పిన్నీ?" అని నూకరత్నం నవ్వితే, "ఉప్పు పోసినదాన్నే. చూసుకోనా?" అనేది. చూసుకుని, ఆమె చేతి మజ్జిగ తాగి, పందిరి కింద కూర్చుని, ఊళ్ళో కబుర్లన్నీ గట్టిగా చెప్పేది.

ఏంటీ, నీకూ దాహమా? ఇంత ఉప్పు కథ చెప్తే వెయ్యదా మరి. ఇదిగో తాగు. ఎందుకలా వాసన చూస్తున్నావు దొంగపిల్లా? నేనేం మందు పెట్టలేదు. దణ్ణం కూడా పెట్టక్కర్లేదు. నీ ఇష్టం వచ్చినన్నిసార్లు అడుగు, నిద్దట్లోంచి లేపైనా సరే అడుగు. అమ్మమ్మ కోప్పడదు.

తాళం ఉప్పులోకి, నీళ్ళు కడవలోకి,
కడవ చంకలోకి, నవ్వు గడపలోకి,
కథేమో కంచిలోకి, నువ్వేమో నిద్దట్లోకి.