పొద అవతల మానేసిన గేదె

ఏడొంపుల గెడ్డ అనే వాగు పక్క అడవిలో వాన పడిందంటే అలాంటిలాంటి వాన కాదు. ఒక్కో చినుకు గుమ్మడికాయంత. మొదటి రోజు గెడ్డ పొంగుతుంది, రెండో రోజు చెట్లు మునుగుతాయి, మూడో రోజుకి చేపలు కాకిగూళ్ళలో కాపురం పెడతాయి. ఇది బాగా తగ్గించి చెప్పిన లెక్క.

అంత వానలోనూ తడవని చోటు అడవి మొత్తానికి ఒక్కటే. బోడికొండ నడుమున ఉన్న రాతిగుహ. దానికోసం ఏటా తన్నుకు చావకుండా పులి పెద్దయ్య ఒక పందెం పెట్టాడు. ఆయనకు పళ్ళన్నీ ఊడిపోయి ఉసిరికాయని కూడా చప్పరించి మింగుతాడు గనక, తీర్పు చెప్పినప్పుడు తప్ప ఎవరూ ఆయనకి భయపడరు. పందెం ఇదీ: వానలకి ముందు ఒక రోజు, పొద్దు పొడవగానే గెడ్డలో దిగి నాలుగు ఒంపులు ఈదాలి. అక్కణ్ణుంచి బోడికొండ ఎక్కి అవతలికి దిగాలి. అవతలి ఇసుక బయలంతా పరుగెత్తి, కొండని చుట్టుకుని, పొద్దు గుంకేలోగా మళ్ళీ గెడ్డ ఒడ్డున మద్దిచెట్టు దగ్గరికి రావాలి. ముందొచ్చినవాళ్ళదే ఆ ఏటికి గుహ. ఎవరూ రాలేకపోతే పాతవాళ్ళదే.

పాతవాళ్ళంటే నక్క గురవయ్య. తొమ్మిదేళ్ళ కిందట, పందెం ఇంకా పుట్టకముందే, ఆ గుహలో కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. అప్పట్నుంచి ఎవరూ పందెం పూర్తి చెయ్యలేదు, గురవయ్య కాళ్ళు ముడుచుకోలేదు.

ఎందుకు పూర్తి చెయ్యలేదంటే, వాళ్ళందరికీ శిక్షణ ఇచ్చేది గురవయ్యే.

పందేనికి నాలుగు నెలల ముందే మద్దిచెట్టు కింద బడి పెట్టేవాడు. ఆ ఏడాది శిష్యులు ఇద్దరు, కుందేలు చిట్టిబాబు, కోతి సూరప్పడు.

"నాయనలారా! కాళ్ళదేముంది, అవి ఎలాగూ ఉన్నాయి. కావలసింది మనసు! ఏదీ, అరవండి. నా వల్ల అవుతుంది!"

"నా వల్ల అవుతుంది!" అని ఇద్దరూ అరిచారు. ఆ అరుపుకి మూడు కొండల అవతల తేనెపట్లు రాలిపోయాయి.

"మనసు నిండిందా?"

"పొర్లిపోతోంది గురువుగారూ!"

"అయితే ఇవాళ్టి సాధన సగం అయినట్టే. చెట్టుమీద ఒక గీత గీయండి."

"మిగతా సగం గురువుగారూ?" అన్నాడు చిట్టిబాబు.

"పిచ్చి నాయనా, నిండిన మనసుని ఎండలో తిప్పితే ఆవిరైపోదూ? నీడన పడుకుని పదిలంగా చూసుకోండి."

గీత గీసి, గీతని రెండుసార్లు చూసుకుని, తృప్తిగా పడుకునేవాళ్ళు. నెల తిరిగేసరికి మద్దిచెట్టుకి బెరడు కంటే గీతలు ఎక్కువయ్యాయి.

ఆ చెట్టు పక్కనుంచే గేదె పైడమ్మ రోజూ పందెం సాధనకి నడుస్తోంది. ఆమె అడవిగేదె, ఒళ్ళు నల్లటి బండ. పోయినేడు వరదలో దూడని కొమ్ముల మధ్య పెట్టుకుని తొమ్మిది రోజులు మెడలోతు నీళ్ళలో నిలబడింది. నీళ్ళు తగ్గాక దూడకి వచ్చిన దగ్గు ఇంకా పోలేదు. ఈ ఏడు ఆ గుహ దొరక్కపోతే ఆ దూడ ఇంకో వరద చూడదు. ఆ సంగతి పైడమ్మకి తెలుసు, ఎవరితోనూ అనలేదు.

"పైడమ్మ చెల్లెమ్మా, నువ్వూ పందేనికేనా?" అన్నాడు గురవయ్య, నవ్వు మూతిలోనే నొక్కుకుని.

"అవునన్నా."

"రా మరి, కూచో. నీకు మనసు నింపుతాను."

పైడమ్మ కూచుంది. గురవయ్య ఆశయం గురించి, గెలుపు గురించి, గుండె లోతుల గురించి గంటన్నర మాట్లాడి చూసేసరికి ఆమె గురక పెడుతోంది.

"నీలో ఉత్సాహం ఒక్క చుక్క లేదు చెల్లెమ్మా!"

"లేదన్నా," అని ఒప్పుకుంది పైడమ్మ. "పొద్దున్నే లేవాలంటే ఏడుపొస్తుంది. ఆ కొండని చూస్తే వెనక్కి తిరిగి పడుకోవాలనిపిస్తుంది."

"మరి రోజూ ఎలా వెళుతున్నావు?"

"వీడు పొడుస్తాడు," అంది, వీపు మీదున్న కొంగని తోకతో చూపించి.

కొంగ పేరు ఎండుగాడు. పుల్లకి ఈకలు అంటించినట్టుంటాడు. వాడికి పందెమూ పట్టదు, గుహా పట్టదు. గేదె గడ్డిలో నడిస్తే మిడతలు ఎగురుతాయి, ఎగిరితే వాడికి తిండి. అందుకని తెల్లారగానే వచ్చి ఆమె చెవి పక్కన ఠక్కున పొడిచేవాడు.

"లే అత్తా, ఆకలి."

"ఇవాళ నా వల్ల కాదురా ఎండుగా. ఒళ్ళంతా పులిసిపోయింది. మానేస్తాను."

"మానెయ్. ఎవరొద్దన్నారు? కాకపోతే ఇక్కడ మానేస్తే నాకేం లాభం? ఆ జిల్లేడు పొద దాకా వెళ్ళి మానెయ్, అక్కడ మిడతలున్నాయి."

జిల్లేడు పొద దగ్గర పైడమ్మ ఆగి, "ఇంక చాల్రా," అనేది.

"చాలు. కాకపోతే గెడ్డలో నీ ఒంటికి జలగలు పడతాయి గదా, అవి తిని చాలా రోజులైంది. నీళ్ళలో దిగి మానేద్దువుగాని."

నీళ్ళలో దిగితే, నాలుగో ఒంపులో చల్లగా ఉంటుందనేవాడు. నాలుగో ఒంపు దాటితే, కొండ మొదట్లో గడ్డి లేతగా ఉందనేవాడు. అలా పైడమ్మ మూడు నెలల్లో మూడువందల సార్లు మానేసింది. మానేసిన ప్రతిసారీ ఇంకో పొద దూరం వెళ్ళింది. కొండ మీద కాళ్ళు జారి పడింది, డెక్కలు పగిలాయి. ఒకసారి పడితే ఆ అదురుకి కొండ నాలుగు జానలు పక్కకి జరిగింది. కావాలంటే ఇప్పటికీ వెళ్ళి చూడవచ్చు. అయినా ఆమె సగం కొండ దాటి ఎప్పుడూ పైకి పోలేదు.

పందెం ఇంకో వారం ఉందనగా గురవయ్య ఒక చెట్టు చాటున నిలబడి ఇదంతా చూశాడు.

"ఓరి నాయనో! గేదె నడవడం లేదు. కొంగ నడిపిస్తోంది. కొంగని తీసేస్తే గేదె అక్కడే కూలబడుతుంది."

ఆ సాయంత్రమే ఎండుగాణ్ణి పక్కకి పిలిచాడు.

"అల్లుడూ, నిన్ను చూస్తే కడుపు తరుక్కుపోతోందిరా. ఇక్కడి మిడతలు ఏం మిడతలు? కొండవతల ఇసుక బయల్లో ఒక్కో మిడత పిచ్చుకంత ఉంటుంది. తెల్లారకముందే వెళ్ళు. ఎవరికీ చెప్పకు, పోటీ వస్తారు."

"పిచ్చుకంతా!" అన్నాడు ఎండుగాడు. అప్పుడే రెక్కలు దులుపుకున్నాడు.

తెల్లారింది. ఎండుగాడు లేడు. పైడమ్మ చెవి దగ్గర పొడుపు లేదు. హాయిగా పడుకుంది. పొద్దెక్కింది. అప్పుడు మొదలైంది అసలు సంగతి. మూడు నెలలుగా ఏ ఈగ వాలినా ఎండుగాడు మింగేసేవాడు గనక, ఆ మూడు నెలల ఆకలితో అడవిలో జోరీగలన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. పైడమ్మ నల్లదో ఈగలు నల్లవో తెలియలేదు.

తోక విసిరింది, బురదలో దొర్లింది, లాభం లేదు. పరుగెత్తుకుంటూ మద్దిచెట్టు దగ్గరికి వచ్చింది.

"అన్నా, మా ఎండుగాణ్ణి చూశావా?"

"చూడకేం చెల్లెమ్మా," అన్నాడు గురవయ్య జాలిగా. "కొండవతల బయలుకి పోయాడు. మంచి బతుకు వెతుక్కున్నాడులే. నువ్వేం అంత దూరం వెళతావు, పోయి పడుకో."

ఈగలు పడుకోనిస్తే కదా! పైడమ్మ నేరుగా గెడ్డలో దూకింది. గట్టు వెంబడి అంతా సీకాయ ముళ్ళు, గేదెకి నీళ్ళే దారి. నాలుగు ఒంపులూ ఆగకుండా ఈదింది. గట్టెక్కగానే తడి ఆరింది, ఈగలు మళ్ళీ వాలాయి. కొండెక్కింది. సగం కొండ దగ్గర ఆగబోయింది. ఆగితే ఈగలు. శిఖరం దాటి అవతలికి జారింది.

బయలు నడిమధ్య ఎండుగాడు ఒంటికాలిమీద నిలబడి ఏడుపు మొహంతో ఉన్నాడు.

"అత్తా! మిడతలు పిచ్చుకలంతే ఉన్నాయి! కానీ ఒక్కటీ లేవదు! ఎవరైనా తొక్కితే కదా లేచేది!"

"నీ ఆశ మండిపోనూ! చెప్పకుండా పోతావా? ముందు ఈ ఈగల సంగతి చూడు!"

"నువ్వు తొక్కు, నేను చూస్తా!"

మళ్ళీ కొండెక్కే ఓపిక లేక ఇసుక బయలంతా తొక్కుకుంటూ, కొండని చుట్టుకుని, ఇద్దరూ మద్దిచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. గురవయ్య చూసి నోరు తెరిచాడు, తెరిచిన నోట్లో జోరీగ దూరింది.

"చెల్లెమ్మా, పందెం... పందెం దారంతా తిరిగొచ్చావా?"

పైడమ్మ వెనక్కి చూసుకుంది. "అవును గదా! ఆ సంగతే మరిచాను. నేను వీణ్ణి వెతుక్కోడానికి పోయాను."

పందెం రోజు రానే వచ్చింది. పులి పెద్దయ్య మూలిగాడు, అదే గర్జన. చిట్టిబాబు నీటి అంచున నిలబడి, "నా వల్ల అవుతుంది!" అని నూట పదిసార్లు అరిచాడు, గొంతు పోయింది, కాలు తడవలేదు. సూరప్పడు దుంగ పట్టుకుని రెండో ఒంపు దాకా కొట్టుకుపోయి, పిక్కలు పట్టేసి, చెట్ల మీదుగా తిరిగొచ్చి, మద్దిచెట్టు మీద తన గీతలు చూసుకుని బావురుమన్నాడు.

"గురువుగారూ, నూట ఇరవై గీతలండీ! నూట ఇరవై!"

"గీతలు బాగానే ఉన్నాయి నాయనా," అన్నాడు గురవయ్య. అతని కళ్ళు కొండమీదే ఉన్నాయి.

ఈసారి తరిమే ఈగలు లేవు గనక పొద పొదకీ మానేస్తూ కొండ దిగి, బయలంతా తొక్కి, ఆఖరి మలుపులో పైడమ్మ నిలబడిపోయింది. నోట నురగ. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోతున్నాయి. పొద్దు కొండ వెనక్కి దిగుతోంది.

"ఎండుగా, ఈసారి నిజంగానే చెబుతున్నాను. మానేస్తున్నాను."

ఎండుగాడు ఆమె వీపు మీంచి అటూ ఇటూ చూశాడు.

"అలాగే అత్తా. ఇక్కడంతా రాళ్ళు. అదిగో, ఆ మద్దిచెట్టు కింద మెత్తగా ఉంది, అక్కడ మానేద్దువుగాని."

పైడమ్మ వెళ్ళి మద్దిచెట్టు కింద కూలబడి, మనస్ఫూర్తిగా మానేసింది. పులి పెద్దయ్య వచ్చి ఆమె నుదుటిమీద పంజా పెట్టాడు. చెట్టు కొమ్మ మీద పొద్దు ఇంకా వేలెడు మిగిలే ఉంది.

నాలుగు రోజుల్లో వాన దిగింది. గుహలో దూడ పొడిగా, దగ్గకుండా నిద్రపోతోంది. గుమ్మం బయట గురవయ్య తోక పిండుకుంటూ నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళ తరవాత మొదటిసారి తడిశాడు.

"చెల్లెమ్మా, ఒక మూల..."

"రా అన్నా, చోటుంది. కాకపోతే దూడ దగ్గర నేనుండాలి, ఎండుగాడికి కొండమీద గడ్డి తొక్కేవాళ్ళు లేరు. రోజూ పొద్దున్నే కాస్త ఆ పని చూసిపెట్టు."

మర్నాడు తెల్లారగానే గురవయ్య చెవి పక్కన ఠక్కుమంది.

"ఇవాళ మనసు లేదు అల్లుడూ," అని మూలిగాడు గురవయ్య.

"మనసు నాకెందుకు మామా? మానెయ్. కాకపోతే ఆ తంగేడు పొద దాకా వచ్చి మానెయ్."

నీతి: రోజూ మానేయండి, తప్పులేదు, మానేసేది మాత్రం ఇంకో పొద అవతల.